పన్నెండంగల లంక

మా అక్క తెలేహియాను పెళ్ళాడి కెలెమేనె బావ మా ఇంటికి వచ్చిన రోజు ఆయన వెంట తెచ్చుకున్నవి మూడే వస్తువులు: ఒక మొగలి చాప, ఒక బాడిస, గాలాలు తడవకుండా దాచుకునే చెక్కపెట్టె. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ పొడుగు చూసి నోరు తెరిచాను. చూరు కింద నుంచి వంగి లోపలికి వస్తూ, వంగింది చాలక, ఆయన తల దూలానికి కొట్టుకుంది. మా అమ్మ హులిటా చాప అల్లడం ఆపకుండానే, "ఇంకాస్త వంగాలి నాయనా. ఈ ఇల్లు నీ కొలతకు కట్టలేదు" అంది. ఆయన కాపురానికి అదే స్వాగతం.

పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న మా ఫాలే లంకలో ఇల్లు ఆడవాళ్ళది. కొబ్బరితోటలు, పడవలు, వేట మగవాళ్ళ చేతిలో ఉంటాయి. చూరు కిందకి వచ్చాక మాట ఆడవాళ్ళదే. పెళ్ళయిన ప్రతి మగాడూ ఇల్లరికపు అల్లుడే కాబట్టి ఆ సంగతికి ఎవరూ ఎవరినీ ఎగతాళి చెయ్యరు. అల్లుడు మరీ పొడుగైతే మాత్రం చేస్తారు. పూర్వం పెరూ ఓడలు వచ్చి మా మగవాళ్ళలో సగం మందిని బానిసలుగా ఎత్తుకుపోయినప్పుడు ఇళ్ళు నిలబెట్టింది ఆడవాళ్ళేననీ, అందుకే ఇళ్ళు మావనీ మా అమ్మ చెబుతుంది. అంతకు ముందు కూడా మీవే కదమ్మా అని పెద్దాయన తోవియా అంటే, "అయితే ఇంకా మంచిది" అంటుంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు.

మా ఇల్లంటే గోడల్లేని ఇల్లు. స్తంభాలు, పైన కప్పు, కింద తెల్లటి పగడపు గులకరాళ్ళ మీద చాపలు. అందులో పద్నాలుగు మందిమి. మధ్యాహ్నం వేటనుంచి వచ్చి, సీమపనస ముక్క తిని, బావ ఒక స్తంభానికి తల ఆనించి నడుం వాల్చేవాడు. ఆ కాళ్ళు రెండో స్తంభం దాకా వెళ్ళేవి. వెంటనే మొదలు.

"కాళ్ళు తియ్యి అల్లుడూ, ఇక్కడ చాప పరవాలి."

"బావా, లే. పసిదానికి ఉయ్యాల కట్టాలి."

"ఏమండీ, కాస్త అటు."

ఆ అటులో మా అమ్మమ్మ పడుకుని ఉండేది. ఆయన లేచి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, కూర్చునే కునికేవాడు.

పోనీ పుట్టింటికి వెళ్దామా అంటే అక్కడ ఆయన అక్కచెల్లెళ్ళు. అక్కచెల్లెళ్ళ ఎదుట అన్నదమ్ములు కాళ్ళు చాపి పడుకోవడం మా దగ్గర మర్యాద కాదు. ఆయన వెళ్ళి, నాలుగు కొబ్బరికాయలు గుమ్మంలో పెట్టి, మంచిచెడ్డలు అడిగి వచ్చేసేవాడు. సభ జరిగే ఇల్లు ముసలివాళ్ళకి. అవతలి లంకలకి పోదామంటే, అవి ఊరుమ్మడి కొబ్బరితోటలు, తెరిచిన రోజున తప్ప అడుగు పెట్టకూడదు. పెట్టినా అక్కడి దోమలు మనిషిని ఉన్నపళంగా మోసుకుపోతాయి. టోకెలావు దీవులన్నిటిలో మా ఫాలేని మించిన ఇరుకు లంక లేదు. సీమపనసకాయ ఉడికేలోగా చుట్టూ తిరిగి రావచ్చు. అందులో నాలుగు వందల ముప్పై మందిమి, చర్చి, బడి, ఆసుపత్రి, క్రికెట్ ఆడే చోటు. పందులకి కూడా జాగా లేక బయటి సముద్రం ఒడ్డున, పగడపు గట్టు మీద దొడ్లు కట్టాం. నీరు తీసినప్పుడు అవి గట్టు మీదే తిరిగి నత్తలు ఏరుకు తింటాయి.

ఒకరోజు బావ పడవలో ముడుచుకుని కూర్చుని ఉంటే నేను నవ్వాను. నాకప్పుడు పదిహేనేళ్ళు, మహా పొగరు.

"ఏంటి బావా, పీతలా ముడుచుకున్నావ్?"

"మెనికా, నాకు కావలసింది ఎంతో కాదే. వెల్లకిలా పడుకుని కాళ్ళు బారజాపుకోవాలి. మడమలు ఎవరికీ తగలకూడదు. ఎవరూ లేవమనకూడదు. అంతే."

"చచ్చాక ఇస్తారులే ఆ చోటు, చర్చి వెనకాల."

"అక్కడా మీ అమ్మ పక్కనే కదే పడుకోబెట్టేది."

ఆ వారంలోనే మొదలుపెట్టాడు.

మా ఇంటి ముందు లోపలి సముద్రం, అంటే లంకల వలయం మధ్య చిక్కుకున్న నీళ్ళు. బయటి సముద్రంలా అరవదు, కరవదు. మోకాటి లోతు నీళ్ళు చాలా దూరం ఉంటాయి. బావ ఆ నీళ్ళలోకి దిగి ఒక పెద్ద పగడపు బండ పెట్టాడు. మర్నాడు ఇంకొకటి. ఊరి పని, చర్చి పని, వేట, చేమగుంటల్లో ఎరువు వెయ్యడం అన్నీ అయ్యాక రోజుకి ఒక పడవెడు రాళ్ళు. ఆదివారం తప్ప. పెద్ద బండల్ని అడుగున, లోపలివైపు కాస్త వాలేట్టు నిలబెట్టేవాడు. ఒకదాని పంటిలోకి ఇంకొకటి దిగాలి, లేకపోతే పడమటి గాలి రోజుల్లో అలలు లాక్కుపోతాయి. వలయం పూర్తయ్యాక మధ్యలో నలిగిన పగడం, దాని మీద చిన్న రాళ్ళు. ఇది కొత్త విద్య కాదు. ఫాలేలో సగం నేల అలా మోసుకొచ్చిందే. మా ముత్తవ్వలు గంపలతో రాళ్ళు మోసి మోసి లంకని పెంచారు. కాకపోతే వాళ్ళు వందల మంది, ఈయన ఒక్కడు.

పక్కింటి లెపేకా గట్టు మీద నిలబడి రోజూ చూసేది. ఆవిడకీ మా అమ్మకీ ఒక క్రికెట్ ఆటలో లెపేకా రనౌట్ అయిందా లేదా అని మొదలైన తగువు, అప్పటికే పదకొండేళ్ళ వయసుది.

"ఏం హులిటా, మీ అల్లుడు సముద్రాన్ని పూడ్చేస్తున్నాడా ఏంటి? మాకు చేపలు మిగులుస్తాడా?"

"మా అల్లుడికి చేతులున్నాయి, పని చేస్తున్నాడు. మీ అల్లుడికి నోరుంది, తింటున్నాడు" అనేది మా అమ్మ. బయటివాళ్ళ ముందు ఆవిడ అల్లుణ్ణి ఎప్పుడూ తక్కువ చెయ్యలేదు, అది చెప్పుకోవాలి. లోపలికి వచ్చాక మాత్రం, "కాళ్ళు తియ్యి."

తర్వాత నాకు లామేకోతో పెళ్ళయింది. పొట్టివాడు, నవ్వుల మనిషి. మా ఇంటికి వచ్చి బావకి తోడల్లుడయ్యాడు. అతనూ మొదట్లో ఏడిపించాడు.

"అన్నా, ఆ రాళ్ళన్నీ నెత్తిన పెట్టుకుని ఇంకా పొడుగవుదామనా?"

"నీకూ రెండు కావాలా తమ్ముడూ? అర్జెంటుగా పనికొచ్చేట్టున్నాయి నీకు" అన్నాడు బావ. ఆ రోజునుంచి లామేకో అప్పుడప్పుడు ఒక చెయ్యి వేసేవాడు.

ఆరో ఏడు పెద్ద తుఫాను వచ్చింది. రెండు రోజులు అందరం బడిలో కూర్చుని పాటలు పాడాం, గాలి మా పాటలకన్నా గట్టిగా పాడింది. బయటికి వచ్చి చూస్తే ఇళ్ళకి కప్పులు లేవు, చేమగుంటల్లో ఉప్పునీరు, పందులు ఎవరివి ఎవరి దొడ్లో ఉన్నాయో తెలియదు. బావ కట్టినదానిలో మూడు బండలు మిగిలాయి. ఆరేళ్ళ పని. మా అక్క ఏడ్చింది. నాకూ నవ్వు రాలేదు, ఆ ఒక్కసారే.

బావ కనబడకపోతే వెతుక్కుంటూ బయటి సముద్రం వైపు వెళ్ళాను. గట్టు మీద, నిన్నటిదాకా ఏమీ లేనిచోట, మనిషెత్తు పగడపు రాళ్ళ గుట్ట. ఈ చివరనుంచి ఆ చివరదాకా. అలలు సముద్రం అడుగునుంచి పెళ్ళగించి తెచ్చి పోశాయి. దాని మీద బావ నిలబడి పెద్దగా నవ్వుతున్నాడు.

"చూశావా మెనికా! నేను పడవేసుకుని తిరిగి తెచ్చుకునే రాళ్ళు. తుఫాను ఇంటికి తెచ్చి ఇచ్చింది!"

"మూడు బండలు మిగిలాయి బావా అక్కడ."

"పునాదికి మూడు చాలు."

కానీ వెంటనే మొదలుపెట్టలేదు. నాలుగు నెలలు ఊళ్ళో అందరి కప్పులు వేశాడు. నిచ్చెన అక్కర్లేని మనిషి కదా, ప్రతి ఇంటివాళ్ళూ పిలిచేవాళ్ళు. లెపేకా ఇంటి కప్పు కూడా వేశాడు. ఆ తర్వాత మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.

మొత్తం పదహారేళ్ళు పట్టింది. ఆయన అంగలతో పన్నెండు అంగల పొడవు, ఆరంగల వెడల్పు నేల. మా ఇంటి గట్టుకి చిన్న మెడలాంటి దారితో అతుక్కుని ఉండేది. మా అక్క పిల్లలూ నేనూ కలిసి పైన తెల్లటి గులకరాళ్ళు పరిచాం. బావ ఒక మూల నాలుగు కర్రలు పాతి కొబ్బరాకు కప్పు వేసుకున్నాడు. ఒక శనివారం మధ్యాహ్నం, సూర చేపల వేట అయ్యాక, స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, తన సొంత చాప చంకన పెట్టుకుని అటు నడిచాడు. పెళ్ళికి వెళ్తున్నవాడిలా ఉన్నాడు. ఇంట్లోంచి మేమందరం చూస్తున్నాం. చాప పరిచాడు. కూర్చున్నాడు. వాలాడు.

ఇంకా కళ్ళు మూతపడి ఉండవు. మా అమ్మ మొగలి ఆకుల మోపు నెత్తిన పెట్టుకుని, ఇద్దరు ముసలమ్మల్ని వెంటేసుకుని ఆ మెడ మీద నడిచి వెళ్ళింది.

"అల్లుడూ, కాస్త లే. ఇక్కడ ఎండ బాగా తగులుతుంది. ఆకులు ఆరబెట్టాలి."

బావ లేచి కూర్చున్నాడు. "అత్తా, ఇది నాది."

"ఏది?"

"ఈ చోటు. నేను కట్టుకున్నాను."

"నువ్వు కట్టావు, కాదన్నదెవరు? చక్కగా కట్టావు. ఏ ఇంటి ముందు కట్టావు?"

"నీళ్ళలో కట్టాను. నీళ్ళు ఎవరివీ కావు."

మా అమ్మకి నిజంగానే ఆశ్చర్యమేసింది. "గట్టు ఎవరిదైతే దానికి అతుక్కుని పెరిగిన నేల వాళ్ళది. నీకు తెలీదా?"

తెలియదు. ఆయన పుట్టింది బయటి సముద్రం వైపు ఇంట్లో. అక్కడ ఎవరూ నేల కట్టరు, అలలు కట్టనివ్వవు. ఈ రూలు వాళ్ళకి ఎప్పుడూ అవసరం పడలేదు. లోపలివైపు ఇళ్ళలో పుట్టిన మాకందరికీ పాలతోపాటే తెలుసు. మేము ఆయనకి తెలుసనుకున్నాం. అత్తగారింటి నేలని పెంచుతున్నాడు, ఎంత మంచి అల్లుడు అనుకున్నాం. పదహారేళ్ళు ఎవ్వరం ఒక్క మాట అనలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నా నోటి మీద కోపం వస్తుంది. అక్కర్లేనివన్నీ వాగింది, కావలసింది ఒక్కటి చెప్పలేదు.

విషయం పెద్దల సభకి వెళ్ళింది. తోవియా పెద్దాయన గడ్డం గోక్కుని, ఇటు చూసి అటు చూసి, "బాబూ కెలెమేనె, నీ కష్టం అందరం చూశాం. కానీ మాట ఒక్కటే. గట్టుకి అంటుకున్నది గట్టువాళ్ళది. హులిటా ఇంటి ఆడవాళ్ళది" అన్నాడు. మిగతా పెద్దలు తలలూపారు. బావ లేచి వచ్చేశాడు.

రెండు రోజులు ఆయన తిన్నాడు, వేటకెళ్ళాడు, స్తంభం దగ్గర మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. కాళ్ళు తియ్యమని ఎవరూ అనలేదు, చాపితే కదా అనడానికి. మా అక్క అమ్మతో మాట్లాడ్డం మానేసింది. అమ్మ ఆకులు మళ్ళీ పాత చోటే ఆరబెట్టింది, కానీ తప్పయిందని మాత్రం అనలేదు.

మూడో రోజు పొద్దున్నే బావ నీళ్ళలోకి దిగి ఆ మెడ దగ్గర నిలబడ్డాడు. వంగి ఒక రాయి పీకాడు. దాన్ని తీసుకెళ్ళి అవతలివైపు వేశాడు. ఇంకో రాయి పీకాడు.

"తిక్క పుట్టిందా?" అంది లెపేకా గట్టు మీంచి. ఎప్పుడూ లేనిది, ఆవిడ గొంతులో వెటకారం లేదు.

బావ మరో రాయికి వంగాడు. ఒకదాని పంటిలో ఒకటి దిగేట్టు తన చేతులతో బిగించిన రాళ్ళని మూడు రోజులపాటు తన చేతులతోనే పీకాడు. మా అమ్మ మూడు రోజులూ గట్టు మీద కూర్చుని చూసింది. అల్లిక ఒళ్ళో పెట్టుకుంది కానీ ఒక్క పోగు కదలలేదు. నేను పక్కన కూర్చుంటే అంది:

"మీ నాన్న మధ్యాహ్నాలు పడవలో పడుకునేవాడు."

"అవును. నాన్నకి పడవంటే ఇష్టం కదా."

"నేనూ అలాగే అనుకున్నానే. నలభై ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఈ కెలెమేనె ఆ రాళ్ళు పీకుతుంటే ఇప్పుడు తోచింది. పడవంటే ఇష్టమై కాదేమో. ఇంట్లో ఎక్కడ పడుకోమన్నాను కనుక."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, నా వైపు చూడలేదు. నేనూ చూడనట్టే ఉన్నాను.

మెడ పోయింది. ఇప్పుడు మా గట్టుకీ ఆ నేలకీ మధ్య ఒక అంగ వెడల్పున నీళ్ళు. బుడతలు దూకడం మొదలెట్టారు. బావ తడి లుంగీతోనే సభకి వెళ్ళాడు. ఊరంతా వెనకే వెళ్ళాం, ఇలాంటివి ఎవరు వదులుకుంటారు?

"పెద్దాయనా, ఇప్పుడు చెప్పు. ఏ గట్టుకి అంటుకుంది?"

తోవియా పెద్దాయన లేచి, కర్ర పట్టుకుని, స్వయంగా వచ్చి చూశాడు. ఆ నీళ్ళలో కర్ర గుచ్చి చూశాడు. అడుగున అంటుకుందేమో అని ఒక ముసలాయన్ని వంగి తడమమన్నాడు. తర్వాత అలా నిలబడే నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

"ఎవరికీ అంటుకోలేదు. ఇది హులిటా ఇంటిది కాదు."

బావ ముఖం వెలిగింది.

"ఆగు, ఇంకా అయిపోలేదు. ఏ గట్టుకీ అంటనిది సముద్రంలోది. సముద్రంలో తాబేలు దొరికితే ఏం చేస్తాం? పట్టినవాడు ఇంటికి పట్టుకుపోతాడా?"

జనం ఒక్క గొంతుతో అన్నారు: "ఇనాతి!"

ఇనాతి అంటే మా పంపకం. తాబేలైనా, రాశులకొద్దీ దొరికిన సూరలైనా ఒడ్డున పరిచి, ముప్పయ్యారు పోగులు పెడతారు. ఊరు ముప్పయ్యారు వాటాల గుంపులు. ఒక్కొక్క గుంపుకి ఒక పెద్దావిడ. పోగు ఆవిడ చేతికి వస్తుంది, లోపల ఎవరికి ఎంతో ఆవిడ ఇష్టం. నిన్న పుట్టిన పిల్లకీ వాటా ఉంటుంది. అలా పంచుకుంటూనే మేము ఇన్ని తరాలు, ఇన్ని తుఫానులు దాటాం. దానికి ఎదురు చెప్పిన మనిషి మా దగ్గర పుట్టలేదు.

బావ ఆ వెలిగిన ముఖంతోనే అలా ఉండిపోయాడు. తర్వాత మెల్లిగా అడిగాడు, "అందరిదీ అంటే, నాది కూడా కదా పెద్దాయనా?"

"ఎందుకు కాదు? నాలుగు వందల ముప్పై మందిలో నువ్వొకడివి."

"నా వంతుకి ఎంత వస్తుంది?"

"ఓ చాటంత వస్తుందేమో."

బావ తన పాదాలు చూసుకున్నాడు. "ఇవి రెండూ కూడా పట్టవు" అన్నాడు. అని, ఊరందరికన్నా ముందు తనే పకపకా నవ్వాడు. ఆయన నవ్వు చూసి మా అక్క నవ్వింది, పదిరోజుల తర్వాత.

పంపకం మర్నాడు మధ్యాహ్నం. సరదాకి కాదు, నిజం పంపకమే. పంచేవాళ్ళు కొబ్బరితాడు తెచ్చి పొడవుని ఆరు మడతలు వేశారు, వెడల్పుని ఆరు మడతలు వేశారు. కొబ్బరీనెలు గులకరాళ్ళలో గుచ్చి గీతలు తీశారు. ముప్పయ్యారు వాటాలు. ఒక్కొక్కటి రెండంగల పొడవు, ఒక అంగ వెడల్పు. జనం చుట్టూ మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డారు. అంత మందిమి పైకెక్కితే నిలవడానికి చోటెక్కడిది?

పేరు పిలిస్తే ఒక్కొక్క పెద్దావిడ ఎక్కి తన వాటాలో నిలబడుతోంది. పరాచికాలకి కొదవలేదు.

"నా వాటాలో క్రికెట్ ఆడిస్తా, ఒక్క కాలు మీద నిలబడి ఆడాలి."

"నేను చర్చి కడతా. పాస్టరుగారు ఒక్కరే పడతారు, అదీ పక్కకి తిరిగి."

లెపేకా పేరు పిలిచారు. ఆవిడ ఎక్కి, తన నాలుగు గీతలూ సరిగ్గా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుంది. ఆ పక్కదే మా వాటా.

"హులిటా!"

మా అమ్మ నీళ్ళు దాటి ఎక్కింది. పరాచికాలు ఆగిపోయాయి. ఇది ఎక్కడ మొదలైందో అందరికీ తెలుసు కదా. ఆవిడ గులకరాళ్ళ మీద పాదంతో తట్టి చూసింది. ఒక మొనదేలిన రాయి ఏరి నీళ్ళలోకి విసిరింది. తర్వాత జనంలోకి చూసింది.

"అల్లుడూ, ఇలా రా."

బావ వచ్చాడు, వంగి. కప్పులేని చోట కూడా ఆవిడ ముందు వంగడం అలవాటైపోయింది.

"పడుకో."

"అత్తా?"

"చెవుడా? మా వాటా పంచే హక్కు నాది. పడుకుని చూడు, సరిపోతుందో లేదో."

బావ అలా నిలబడ్డాడు. ఒకసారి గులకరాళ్ళ వైపు, ఒకసారి అత్త వైపు చూశాడు. కూర్చున్నాడు. వెనక్కి వాలాడు. ఒక కాలు చాపాడు, కాస్త ఆగి రెండోది చాపాడు. మోకాళ్ళు గీత లోపలే ఉన్నాయి. మడమలు మాత్రం జానెడు దాటి లెపేకా వాటాలోకి వెళ్ళాయి.

నాలుగు వందల మంది లెపేకా వైపు చూశారు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఆ పాదాల్ని పరిశీలించింది.

"నా వాటాలో పడ్డది నాదే కదా తోవియా?"

"నీదే" అన్నాడు పెద్దాయన, భయంభయంగా.

"అయితే ఈ రెండు కాళ్ళూ నావి. రోజూ సాయంత్రం నా పందులకి నీళ్ళు మొయ్యాలి. మధ్యాహ్నం ఇక్కడే ఉంచుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు."

ఆ నవ్వుకి పగడపు గట్టు మీద పందులు కూడా తలెత్తి ఉంటాయి. మా అమ్మ లెపేకా వైపు చూసి, "ఆ రోజు రనౌట్ కాదులే, పోనీ" అంది. అంత నవ్వులోనూ లెపేకాకి అది వినబడింది.

బావకి మాత్రం ఏమీ వినబడలేదు. అప్పటికే నిద్రపోయాడు. నిజం నిద్ర, నోరు తెరిచి, గురకతో సహా. పదహారేళ్ళు మోసిన నిద్రంతా ఒక్కసారి మీద పడ్డట్టుంది. మా అమ్మ ఆయన తల దగ్గర చతికిలబడి, విసనకర్రతో ముఖం మీద ఎండ పడకుండా అడ్డం పెట్టి, ఈగలు తోలుతూ కూర్చుంది.

నేను కడుపు పట్టుకుని నవ్వుతూ పక్కకి తిరిగాను. లామేకో నా పక్కనే నీళ్ళలో నిలబడి ఉన్నాడు. అతను నవ్వడం లేదు. బావ చాపిన కాళ్ళ వైపే చూస్తున్నాడు. నా మొగుడి ముఖంలో ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. పదకొండేళ్ళ కాపురం మాది. అతను మధ్యాహ్నం ఏం తింటాడో నాకు తెలుసు, ఏ పాట పాడతాడో తెలుసు.

"నువ్వు మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటావు?" అన్నాను.

అతను కంగారుపడ్డాడు. "నేనా? నేను పడుకోను."

"మరి?"

"ఎక్కడో అక్కడ నిలబడి ఆవలిస్తాను."

బావ కోరిక విని పదహారేళ్ళు నవ్విన మనిషిని నేను. నా ఇంట్లో, నా పక్కన, నా మొగుడు నిలబడి ఆవలిస్తున్నాడట. చెయ్యి పట్టుకుని నీళ్ళలోంచి పైకి లాగాను. "ఏంటే, అందరూ చూస్తున్నారు" అంటూనే ఉన్నాడు. బావ భుజం తట్టాను. అమ్మ విసనకర్రతో నా చేతి మీద కొట్టింది.

"బావా, కాస్త జరుగు."

బావ కళ్ళు తెరవలేదు. "జరగమన్నావు కదా, లేవమనలేదు కదా?"

"లేవద్దు బావా. జరుగు చాలు."

ఆయన పక్కకి దొర్లాడు. ఒక అంగ వెడల్పులో సగం ఖాళీ అయింది. లామేకో పొట్టివాడు కాబట్టి లెపేకా గీత దాటలేదు. అతను కాళ్ళు చాపి, వేళ్ళు ఒకసారి అటూ ఇటూ ఆడించి, ఎంతో పెద్ద ఊపిరి వదిలాడు. నేను వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. చుట్టూ ఒక్కొక్క పెద్దావిడ జనంలోకి చూస్తూ తన అల్లుణ్ణి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.